లాడం మేకు - మూగజీవి ఫిర్యాదు





గుర్రానికి లాడం కొట్టించిన మర్నాడో, మూడోనాడో అది కుంటడం మొదలుపెడుతుంది. మొన్నటిదాకా చక్కగా నడిచిన జీవి ఇవాళ కాలు నేలమీద మోపడానికి జంకుతుంది. అప్పుడు యజమాని ఏమంటాడు? "కొత్త లాడం కదా, రెండు రోజులు నడిస్తే అదే సర్దుకుంటుంది" అంటాడు. లాడం కొట్టినవాడు "నా పని నేను సరిగానే చేశాను, ఎక్కడో రాయి తగిలి ఉంటుంది" అంటాడు. బాడుగకు తీసుకున్నవాడు "డబ్బు ఇచ్చాను, నాకు ఆలస్యం చేయవద్దు" అంటాడు. ముగ్గురికీ నోరుంది కాబట్టి ముగ్గురూ తమ వాదన వినిపించుకున్నారు. నొప్పి అనుభవిస్తున్న ఆ ప్రాణికి మాత్రం నోరు లేదు. ఉర్దూలో మన పెద్దలు పశువులను 'బేజుబాన్' అనేది ఇందుకే.

ధార్మిక పత్రికలో గుర్రపు లాడం గురించి రాయవలసిన అవసరం ఏముందని కొందరికి అనిపించవచ్చు. నమాజు, రోజా, జకాత్, హజ్ వరకే ధర్మమని అనుకునేవారికి అలా అనిపించడం సహజమే. కాని ఇస్లాం మన సంతలోకి, మన పశువుల పాకలోకి, మన చేతి సుత్తిలోకి కూడా వస్తుంది. మనం ఒక ప్రాణి చేత పని చేయించుకుంటున్నామంటే ఆ ప్రాణి మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానతు. ఆ అమానతు గురించి ప్రళయదినాన మనల్ని అడగడం జరుగుతుంది. గుర్రపు కాలిలో దిగిన ఒక చిన్న మేకు విషయంలో ఈ జవాబుదారీ ఎవరిమీద ఎంత ఉందో తెలుసుకుందాం.

అల్లాహ్ ప్రమాణం చేసిన జీవి

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఆదియాత్ సూరా పరుగెత్తే గుర్రాల ప్రమాణంతోనే మొదలవుతుంది. రొప్పుతూ పరుగెత్తే గుర్రాలు, డెక్కల తాకిడితో నిప్పురవ్వలు రాల్చే గుర్రాలు, తెల్లవారుజామున శత్రువు మీదికి దూసుకుపోయే గుర్రాలు అక్కడ మన కళ్ళ ముందు కదులుతాయి. సృష్టికర్త స్వయంగా ఆ జీవి శ్వాసను, ఆ డెక్కల తాకిడిని ప్రస్తావించాడంటే దాని విలువ ఏమిటో ఆలోచించండి. ఆ ప్రమాణాల వెంటనే మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడై ఉన్నాడన్న మాట వస్తుంది. గుర్రం తన యజమాని వేసే పిడికెడు దాణాకు కృతజ్ఞతగా ప్రాణాలకు తెగించి పరుగెడుతుంది. మనిషి మాత్రం తనకు అన్నీ ఇచ్చిన యజమానిని మరచిపోతాడని వ్యాఖ్యాతలు దీన్ని వివరించారు.

అన్ నహల్ సూరాలో గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను మనం స్వారీ చేయడానికి, మన శోభ కోసం సృష్టించినట్లు అల్లాహ్ తెలియజేశాడు. అల్ అన్ఆమ్ సూరాలో నేలమీద తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని తెలిపాడు. అంటే అవి మన సేవకోసం ఉన్నాయన్నది నిజమే; కాని అవి మన సొంత సృష్టి కావు. వాటికి కూడా ఒక ప్రభువు ఉన్నాడు, వాటి లెక్క ఆయన దగ్గర ఉంది.

మహాప్రవక్త (స) గుర్రాల నుదుటి జుట్టులో ప్రళయం వరకు శుభం ముడిపడి ఉందని సెలవిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఇమాం మాలిక్ (రహ్మ) గారి మువత్తాలో మరో ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (స) తన పైవస్త్రంతో గుర్రం ముఖాన్ని తుడుస్తూ ఉండగా చూసి, కారణం ఏమిటని అడిగారు. గుర్రాల విషయంలో రాత్రి తనను మందలించడం జరిగిందని ఆయన (స) చెప్పారు. సకల లోకాలకు కారుణ్యంగా వచ్చిన ప్రవక్తకే గుర్రాల విషయంలో అంత జాగ్రత్త చెప్పబడితే, మన సంగతి ఏమిటి?

మేకు ఎక్కడ దిగాలి? ఎక్కడ దిగకూడదు?

సమస్య అర్థం కావాలంటే డెక్క ఎలా ఉంటుందో కొద్దిగా తెలుసుకోవాలి. డెక్క మన చేతి గోరు లాంటిదే. గోరు కొనను కత్తిరిస్తే మనకు నొప్పి తెలియదు. అదే గోటి కింది మాంసంలో చిన్న పుడక గుచ్చుకుంటే రాత్రంతా నిద్ర పట్టదు. గుర్రపు డెక్క చుట్టూ ఉండే గట్టి పెంకులో నరాలు గాని, రక్తం గాని ఉండవు. అందుకే అందులో మేకు కొట్టినా గుర్రానికి బాధ కలగదు. ఆ పెంకుకు లోపలివైపు మాత్రం రక్తం, నరాలు నిండిన మెత్తని భాగం ఉంటుంది. గుర్రం కాలు ఎత్తి డెక్కను కిందినుంచి చూస్తే పెంకుకూ అరికాలికీ మధ్య లేతరంగు గీత ఒకటి కనిపిస్తుంది. అదే హద్దు. మేకు ఆ గీతకు వెలుపలే దిగి, డెక్క పైవైపున బయటకు రావాలి.

లాడం మేకు కొస ఒకపక్క ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలు లోపలివైపు ఉండేలా పట్టుకొని కొడితే మేకు వెలుపలికి వంగుతూ వస్తుంది. పొరపాటున తిప్పి పట్టుకుంటే అది లోపలికి, ప్రాణమున్న భాగంలోకి పోతుంది. అనుభవం ఉన్న నాల్‌బంద్ సుత్తి దెబ్బ శబ్దాన్నిబట్టే మేకు గట్టి పెంకులో పోతున్నదా, మెత్తని చోటికి పోతున్నదా గుర్తుపడతాడు. అనుమానం వస్తే అక్కడే ఆపి మేకు బయటకు లాగుతాడు.

లాడం తర్వాత వచ్చే కుంటుకు ముఖ్య కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, మేకు నేరుగా ప్రాణమున్న భాగంలో గుచ్చుకోవడం. అప్పుడు గుర్రం అక్కడికక్కడే కాలు గుంజుకుంటుంది. ఒక్కోసారి మేకు మీద రక్తం కనిపిస్తుంది. రెండవది, మేకు లోపల గుచ్చుకోకపోయినా దానికి మరీ దగ్గరగా దిగి ఒత్తుతూ ఉండటం. ఇది ఆ రోజు తెలియదు. ఒకటి రెండు రోజుల నడక తర్వాత బయటపడుతుంది. మూడవది, గుచ్చుకున్న చోట మురికి చేరి లోపల చీము పట్టడం. గట్టి పెంకు లోపల చీముకు పోయే దారి ఉండదు కాబట్టి ఆ నొప్పి భరించరానిది. కొన్ని గుర్రాలు ఆ కాలు నేలకు ఆనించనే ఆనించవు. నాలుగవది, డెక్కను, అరికాలిని మరీ ఎక్కువగా చెక్కివేయడం. ఐదవది, లాడం డెక్కకు సరిపోకపోవడం, అరికాలిని ఒత్తడం, లేదా డెక్కను ఎగుడుదిగుడుగా చెక్కడం వల్ల బరువు ఒకపక్కకే పడటం.

గుర్రం బరువు సుమారు 400 నుండి 500 కిలోలు ఉంటుంది. అందులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే పడుతుంది. ఆ బరువుతో, వీపుమీద మనిషితో, వెనుక బండితో, మేకు దిగిన కాలు మోపి ఎండకు కాలిన తారు రోడ్డు మీద నడవడం అంటే ఏమిటో ఒక్క క్షణం ఊహించుకోండి.

కుంటడమే దాని మాట

ఒక అన్సారీ సహచరుని తోటలో జరిగిన సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఆ తోటలోకి వెళ్ళగా అక్కడి ఒంటె ఆయన్ను చూసి మూలుగుతూ కన్నీరు కార్చింది. ఆయన (స) దాని చెవుల వెనుక నిమరగా అది శాంతించింది. అప్పుడు ఆ ఒంటె యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ చేతికి అప్పగించిన ఈ పశువు విషయంలో నీకు ఆయన భయం లేదా అని నిలదీశారు. దాన్ని ఆకలితో ఉంచుతూ, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది తనతో ఫిర్యాదు చేసిందని చెప్పారు.

మూగజీవి మొర వినే ఆ మహత్యం ప్రవక్తకు అల్లాహ్ ఇచ్చాడు. మనకు అది లేదు. కాని అల్లాహ్ మనకు కళ్ళు ఇచ్చాడు, బుద్ధి ఇచ్చాడు. గుర్రం తన నొప్పిని నోటితో చెప్పదు, నడకతో చెబుతుంది. ముందు కాలులో నొప్పి ఉంటే ఆ కాలు మోపినప్పుడు తల పైకి ఎగరేస్తుంది, మంచి కాలు మోపినప్పుడు తల కిందికి దించుతుంది. నిలబడినప్పుడు నొప్పి ఉన్న కాలును ముందుకు చాపి, దానిమీద బరువు పడకుండా చూసుకుంటుంది. చెయ్యి పెట్టి చూస్తే మిగతా డెక్కల కన్నా ఆ డెక్క వేడిగా ఉంటుంది. ఆ కాలి చీలమండ పక్కన నాడి గట్టిగా కొట్టుకుంటుంది. ఇవన్నీ ఫిర్యాదులే. వీటిని చూసి కూడా "సర్దుకుంటుందిలే" అనుకోవడమంటే ఫిర్యాదుదారు మాట వినకుండానే తీర్పు చెప్పడం వంటిది.

కుంటు కనిపించగానే చేయవలసినవి కష్టమైన పనులు కావు. మొదట పని ఆపాలి. లాడం కొట్టినవాడిని గాని, పశువైద్యుణ్ణి గాని పిలిపించాలి. మేకులను ఒక్కొక్కటిగా తట్టి, నొక్కి, ఏ మేకు దగ్గర గుర్రం కాలు గుంజుకుంటుందో గుర్తించి దాన్ని తీసివేయాలి. చాలాసార్లు ఒత్తుతున్న మేకు సకాలంలో తీసేస్తే గుర్రం త్వరగానే కోలుకుంటుంది. లోపల చీము ఉంటే వైద్యుడే దానికి దారి చేసి, శుభ్రం చేసి, కట్టు కట్టాలి. గుర్తుంచుకోవలసిన మరో ముఖ్య విషయం ధనుర్వాతం. ఆ క్రిములు మట్టిలోనూ పేడలోనూ ఉంటాయి. గుర్రానికి ఆ జబ్బు చాలా తేలికగా సోకుతుంది, సోకితే బతకడం కష్టం. కాబట్టి మేకు గుచ్చుకున్న గుర్రానికి ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం వైద్యుణ్ణి తప్పక అడగాలి. జబ్బుకు మందు వాడటం సున్నత్. మందు లేకుండా తాయెత్తు కట్టి, అల్లాహ్ మీద భారం వేశామనడం తవక్కుల్ కాదు.

ఎనిమిది వందల ఏళ్ళ నాటి హెచ్చరిక

ఇవన్నీ ఈ కాలపు మాటలని అనుకోవద్దు. ఇస్లామీయ నగరాల్లో బజారును తనిఖీ చేసే అధికారిని ముహ్‌తసిబ్ అనేవారు. తూకాలు, కొలతలు, రొట్టెల నాణ్యత, వైద్యుల పనితనం ఆయన పరిశీలనలో ఉండేవి. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన అబ్దుర్రహ్మాన్ అష్షైజరీ ముహ్‌తసిబ్‌ల కోసం ఒక గ్రంథం రాశారు. అందులో పశువైద్యం, లాడం పని చేసే 'బైతార్'ల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది.

పశువుకు వైద్యం చేయడం మనిషికి వైద్యం చేయడంకన్నా కష్టమని ఆయన అందులో వివరించారు. కారణం, పశువు తన బాధ ఏమిటో చెప్పుకోలేదు. కనుక ఈ పని చేసేవాడికి దైవభీతి ఉండాలని, అది లేనివాడు తెలియకుండానే కోయడానికి, కాల్చడానికి తెగిస్తాడని హెచ్చరించారు. తర్వాత లాడం విషయానికి వచ్చి, చెక్కే ముందు డెక్కను పరిశీలించాలన్నారు. ఒకపక్కకు ఒరిగి ఉంటే రెండోపక్క చెక్కి సమం చేయాలన్నారు. పశువు కుంటేలా అతిగా చెక్కకూడదు. మేకులు వదులుగా ఉంటే లాడం కదిలి, ఇసుక, గులకరాళ్ళు లోపలికి చేరి బాధిస్తాయి. మరీ బిగిస్తే పశువు కుంటుతుంది. ఈ రెండింటి మధ్య ఉండాలన్నది ఆయన సూచన సారాంశం.

చూశారా! లాడం మేకు ఎంత బిగించాలన్నది మన పూర్వ విద్వాంసులకు ధార్మిక బాధ్యతలో భాగమే. 14వ శతాబ్దంలో ఈజిప్టు సుల్తాను అన్నాసిర్ ముహమ్మద్ గారి ఆస్థానంలో పనిచేసిన అబూ బక్ర్ ఇబ్న్ బద్ర్ గుర్రాల వైద్యంమీద పెద్ద గ్రంథమే రచించారు. ఆయన తండ్రిది కూడా ఇదే వృత్తి. ఈ పనిని వారు తక్కువ పనిగా భావించలేదు. ఈనాడు మనలో కొందరు నాల్‌బంద్ వృత్తి చేసే సోదరులను చిన్నచూపు చూస్తారు. హలాల్ సంపాదన కోసం చెమటోడ్చే చెయ్యి గౌరవించదగిన చెయ్యి.

లాడం కొట్టేవాని బాధ్యత

ఇక అసలు ప్రశ్న. లాడం కొట్టిన తర్వాత గుర్రం కుంటితే నష్టం ఎవరు భరించాలి?

వైద్యం తెలియనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడని మహాప్రవక్త (స) నిర్ణయించారు. ఈ హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. మన మద్రసాల్లో నేటికీ బోధించే 'హిదాయా'లో అద్దె, కూలి వ్యవహారాల అధ్యాయంలో దీనికి దగ్గరి చర్చ ఉంది. మనిషికి గాని పశువుకు గాని గాటు పెట్టి రక్తం తీసే పనివాడు మామూలుగా గాటు పెట్టే హద్దును దాటకుండా పని చేస్తే, ఆ తర్వాత జరిగిన హానికి అతడిపై పరిహారం లేదని అందులో ఉంది. హద్దు దాటితే బాధ్యుడవుతాడు. బట్ట ఉతికేవాడు బాదడంలో బట్ట చిరిగితే మాత్రం హనఫీ ఇమాముల ప్రకారం అతడు బాధ్యుడే. ఎందుకీ తేడా? బట్ట ఎంత దెబ్బకు ఆగుతుందో పనివాడు ముందే తెలుసుకోగలడు. ప్రాణమున్న శరీరం ఎంత ఓర్చుకుంటుందో ఎవరికీ ముందుగా తెలియదు.

ఈ సూత్రం వెలుగులో లాడం విషయాన్ని చూడండి. పని నేర్చినవాడు, డెక్కను చూసి, సరైన చోట, సరైన మేకుతో, జాగ్రత్తగా కొట్టాడు. అయినా ఏదో కారణంగా గుర్రం కుంటింది. అతడిని దొంగను చూసినట్లు చూడటం అన్యాయం. పని నేర్వనివాడు సుత్తి పట్టినా, నేర్చినవాడే తొందరలో హద్దు దాటి చెక్కినా, మేకు మెత్తని చోట దిగిందని తెలిసి కూడా లాగకుండా వదిలేసినా, అప్పుడు బాధ్యత అతడిదే. జరిగిన నష్టం అతడు భరించాలి. వివాదం వస్తే మీ ఊరి ఆలిమ్‌ను, ముఫ్తీని, పనితెలిసిన మరో నాల్‌బంద్‌ను కూర్చోబెట్టి తేల్చుకోవాలి. లాడం కొట్టిన తర్వాత వచ్చిన ప్రతి కుంటూ లాడం వల్లనే అని కూడా చెప్పలేం. రాయి తగలవచ్చు, నరం బెణకవచ్చు, వేరే జబ్బు ఉండవచ్చు. వార్త విన్నప్పుడు నిజానిజాలు విచారించాలని, అనుమానాలకు దూరంగా ఉండాలని అల్ హుజురాత్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు.

నాల్‌బంద్ సోదరులకు ఒక్క మనవి. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని విధిగావించాడని, జంతువును జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టి దానికి బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ప్రాణం తీసే చోటనే ఇంత దయ ఉండాలంటే, నడిచేందుకు లాడం కొట్టే చోట ఎంత దయ ఉండాలి! మేకు లోపలికి పోయిందని మీ చేతికి తెలుస్తుంది. యజమానికి తెలియదు. గుర్రం చెప్పదు. ఆ క్షణంలో మీకూ అల్లాహ్‌కూ మధ్య మరెవ్వరూ లేరు. "మేకు పక్కకు పోయింది, ఈ కాలిని రెండు రోజులు చూసుకో" అని యజమానికి చెప్పేస్తే మీ పరువు పోదు. చెప్పకపోతే అమానతు పోతుంది.

యజమాని బాధ్యత

యజమాని కష్టాలు మనకు తెలియనివి కావు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. కుంటి గుర్రానికీ అంతే. పని లేని రోజున కూడా దాణా, గడ్డి కొనాలి. పెళ్ళిళ్ళ రోజుల్లో నాలుగు రోజులు గుర్రం నిలబడిపోతే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమే. ఈ బాధను తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు.

అయినా అడగవలసిన మాట అడగాలి. ఆ నాలుగు రోజుల సంపాదన ఎక్కడినుంచి వస్తోంది? కుంటే గుర్రానికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ పొడిపించి రాత్రికి బారాత్‌కు తోలుకుపోవడం కొన్ని చోట్ల జరుగుతోంది. నొప్పి మందు వైద్యంలో భాగంగా, విశ్రాంతితో పాటు ఇస్తే అది మేలు. నొప్పిని మాత్రం దాచి పని చేయించడానికి ఇస్తే అది జులుమ్. దెబ్బ అలాగే ఉంటుంది, తెలియకపోవడం వల్ల గుర్రం ఆ కాలి మీదే బరువంతా వేస్తుంది, చివరకు నాలుగు రోజుల్లో పోయే కుంటు నెలలు పడుతుంది. అల్లాహ్ ఆ మూగజీవికి ఫిర్యాదు చేయడానికి ఇచ్చిన ఒక్క దారినీ మనం మూసేసినట్లు అవుతుంది.

అదే మందు ఇచ్చి సంతలో గుర్రాన్ని అమ్మితే అది మరో పాపం. లోపం ఉన్న వస్తువును ఆ లోపం చెప్పకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని హదీసు ఉంది (ఇబ్నె మాజా). బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, లోపల తడి చూసి, మోసగించేవాడు తనవాడు కాడని మహాప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనందరం విన్నదే (ముస్లిం). పైకి ఎండు ధాన్యం, లోపల తడి. పైకి చక్కని నడక, లోపల చీము. రెండింటికీ తేడా ఏముంది?

కుంటు రాకుండా చూసుకోవడం కూడా యజమాని పనే. డెక్క నెలకు సుమారు 6 నుండి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కనుక సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి లాడం తీసి, డెక్క చెక్కి, మళ్ళీ కొట్టించాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని నెలల తరబడి వాయిదా వేయడం, తక్కువ కూలికి వస్తాడని పని రానివాడి చేత కొట్టించడం, పని తెలిసినవాడిని "త్వరగా కానివ్వు" అని తొందరపెట్టడం, చివరకు అతని కూలిలో కోత పెట్టడం, ఇవన్నీ ఆ మేకును లోపలికి నెట్టే చేతులే. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమని మన ప్రవక్త (స) ఆజ్ఞాపించారు.

హిజ్రీ మొదటి శతాబ్దం చివర ఖిలాఫత్ చేపట్టిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఈజిప్టులో ఒంటెలమీద 1000 రతళ్ళ బరువు మోపుతున్నారని విని, 600 రతళ్ళకు మించి మోపకూడదని అక్కడి అధికారికి లేఖ పంపారు. మూడు ఖండాల సామ్రాజ్యాన్ని చూసుకునే పాలకుడికి ఒంటె వీపు గుర్తుంది. మన పాకలో ఉన్న ఒక్క గుర్రం కాలు మనకు గుర్తుండదా?

బాడుగకు తీసుకునేవారి బాధ్యత

నేడు హైదరాబాదు వంటి నగరాల్లో జట్కాలు, టాంగాలు దాదాపు కనుమరుగయ్యాయి. గుర్రం మన కంటపడేది ఎక్కువగా పెళ్ళి ఊరేగింపుల్లోనే. నికాహ్‌ను సులభం చేయమని మన ధర్మం చెబితే, మనం బాండు, బాణాసంచా, గుర్రం, దాని మీద పెళ్ళికొడుకు అంటూ ఆర్భాటం చేసుకున్నాం. గంటల తరబడి గుర్రం రోడ్డు మీద నిలబడుతుంది. వీపు మీద మనిషి, చెవుల పక్కన డోళ్ళు, కాళ్ళ ముందు టపాకాయలు. పశువుల వీపులను వేదికలుగా చేసుకోవద్దని మహాప్రవక్త (స) వారించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. మన బారాత్‌లలో జరుగుతున్నది సరిగ్గా అదే కాదా?

ఈ ఆర్భాటం మానుకోవడమే మేలు. ఏ అవసరానికైనా గుర్రాన్ని బాడుగకు తీసుకునేవారు ఎక్కే ముందు దాన్ని పది అడుగులు నడిపించి చూడాలి. తల ఎగరేస్తున్నా, ఒక కాలు దాచుకుంటున్నా ఎక్కవద్దు. బాడుగ ఇచ్చినంతమాత్రాన ఆ ప్రాణి నొప్పిని కొనుక్కునే హక్కు రాదు. వీలైతే యజమానికి ఆ రోజు కూలి ఇచ్చి, "దీనికి వైద్యం చేయించు" అని పంపేయండి. దాహంతో నాలుక బయటపెట్టిన కుక్కకు నీళ్ళు తాపినందుకు ఒక వ్యక్తిని అల్లాహ్ క్షమించిన హదీసు మనం పిల్లలకు చెబుతుంటాం. ఆ పుణ్యం సంపాదించుకునే అవకాశం మన ఇంటి గుమ్మం ముందుకే వచ్చినట్లు భావించాలి.

గుర్రం లేనివారికి

ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళలో గుర్రం లేదు. కాని పల్లెల్లో ఎడ్లు ఉన్నాయి, వాటికీ లాడాలు కొడతారు. ఎద్దును తాళ్ళతో పడదోసి, కాళ్ళు కట్టి, చీలిన ఒక్కో గిట్టకు విడివిడిగా రేకు పెట్టి మేకులు దించుతారు. ఎద్దు గిట్ట పెంకు గుర్రపు డెక్కకన్నా పలుచన, కాబట్టి మేకు లోపలికి పోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. పైన చెప్పిన ప్రతి మాటా అక్కడా వర్తిస్తుంది.

బక్రీద్ సంతకు వెళ్ళినప్పుడు మేకను నడిపించి చూస్తాం. స్పష్టంగా కుంటే జంతువు ఖుర్బానీకి చెల్లదని మనకు తెలుసు. ఆ ఒక్కరోజు మన కన్ను ఎంత నిశితంగా ఉంటుందో! మన ఖుర్బానీ అంగీకరించబడాలన్న ఆరాటమే దానికి కారణం. అదే కన్ను మిగతా సంవత్సరమంతా మనకు సేవ చేసే పశువు కాళ్ళ మీద ఎందుకు నిలవదు? అక్కడ అది మన ఆరాధనకు సంబంధించినదైతే, ఇక్కడ ఇది మన మీదున్న హక్కుకు సంబంధించినది. అల్లాహ్ తన హక్కును క్షమించవచ్చు. తన సృష్టి హక్కు విషయంలో లెక్క చూస్తాడు. కొమ్ములున్న మేక కొమ్ములు లేని మేకను పొడిచిన దానికి సైతం ఆ రోజున ప్రతీకారం ఇప్పించబడుతుందని హదీసు (ముస్లిం). మేకకు మేకకు మధ్యనే అంత న్యాయం జరిగే చోట, మనిషికీ గుర్రానికీ మధ్య జరగదా?

యాసీన్ సూరాను మనం తరచుగా పారాయణం చేస్తాం. ఆ దినాన నోళ్ళకు ముద్ర వేయబడుతుందని, చేతులు మాట్లాడతాయని, కాళ్ళు సాక్ష్యమిస్తాయని అందులో అల్లాహ్ తెలియజేశాడు. ఇక్కడ మాటలు చెప్పి తప్పించుకున్న ముగ్గురూ అక్కడ మాట్లాడలేరు. సుత్తి పట్టిన చెయ్యి మాట్లాడుతుంది, పగ్గం లాగిన చెయ్యి మాట్లాడుతుంది, డబ్బు లెక్కపెట్టిన చెయ్యి మాట్లాడుతుంది. ఆ రోజు రాకముందే, కుంటే గుర్రం ముందు ఒక్క నిమిషం ఆగి, వంగి, దాని కాలు చేతిలోకి తీసుకొని చూద్దాం. మేకు ఉంటే తీసేద్దాం. తప్పు మనదైతే ఒప్పుకుందాం. నష్టం మనం చెల్లించవలసిందైతే చెల్లిద్దాం.

ఓ అల్లాహ్! నోరులేని జీవుల మొరను నడకలో గుర్తించే చూపును మాకు ప్రసాదించు. మా చేతి పనిలో నిజాయితీని, మా సంపాదనలో శుభాన్ని ప్రసాదించు. మాకు తెలిసీ తెలియక నీ సృష్టికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుకునే సద్బుద్ధిని, సమయాన్ని అనుగ్రహించు. ఆమీన్.